చర్చి మెట్ల మీద ఒక్క మాట

నార్మన్ బీటీ చేసిన పని ఐవన్ క్రోజియర్ చచ్చేదాకా మరిచిపోడు. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రొటెస్టెంట్ల భూమి ప్రొటెస్టెంట్ల చేతుల్లోనే ఉండాలని, బ్రిటన్ పక్షం వాళ్ళు కూడే ఆరెంజ్ హాల్లో బల్ల గుద్ది చెప్పిన పెద్దమనిషి, ఐవన్‌కి రావలసిన పొలం వీలునామాలో తన పేర రాయించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే దాన్ని సరిహద్దు అవతలి డబ్లిన్ కలప కంపెనీకి అమ్మేశాడు.

ఆ పొలం ఐవన్ పెదనాన్న వెస్లీది. పెళ్ళీ పెటాకులూ లేకుండానే పోయాడు. ముప్పై ఏళ్ళు అక్కడ గడ్డి కోసిందీ, కంచె బాగుచేసిందీ ఐవనే.

ఆ ఉదయం వంటింటి కిటికీలోంచి చూస్తే, కూలీలు పొలం నిండా కలప కోసం పెంచే స్ప్రూస్ మొక్కలు నాటుతున్నారు. ఐవన్ ముందు వేయించిన సోడా రొట్టె చల్లారిపోయింది. బెల్‌ఫాస్ట్ నుంచి సెలవుకి వచ్చిన కూతురు లోర్నా టీ పోస్తోంది.

"తిను నాన్నా. చూస్తూ కూర్చుంటే మొక్కలు వెనక్కి పోవు."

"ఎవరి వల్ల వచ్చాయో ఆ మొక్కలు."

లోర్నా కెటిల్ దించింది. "మళ్ళీ మొదలుపెట్టావా? పోయినేడు చర్చి హాల్లో మీటింగులో నేనేమన్నాను? రెండు ఐర్లాండ్‌లూ కలిస్తే కొంపలేం మునిగిపోవు, ముందు డబ్లిన్ వాళ్ళేమిస్తామంటున్నారో విందాం అన్నాను. అంతేగా."

"అంతేనా? మీ వెస్లీ తాత మొదటి వరసలో కూర్చున్నాడు. టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడే వీలునామా మారింది."

"అయితే ఆయన మూర్ఖత్వానికి నేను జవాబుదారీనా? నువ్వు మాత్రం, ఆ ఐర్లాండ్ పాస్‌పోర్టు తెచ్చుకోలేదూ?"

"స్పెయిన్ ఎయిర్‌పోర్టులో క్యూ తప్పుతుందని తెచ్చుకున్నాను. దేశం మార్చుకోవడానికి కాదు."

ఐవన్ భార్య హేజెల్ చేతిలో గిన్నె సింకులో పడేసింది. "చాలు. ఏడాదిగా ఈ రోకటి పోటు వినలేక చస్తున్నాను. ఐవన్, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నోరు మూసుకో హేజెల్."

"మూసుకోను. లోర్నా, వీలునామా ఊరికే మారలేదే. ఆ రాత్రి తాత ఇక్కడికొచ్చాడు. 'ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి, నా కూతురు మాటలు నావి కావు, అది మా మనిషి కాదు అను. పొలం నీదే' అన్నాడు. మీ నాన్న తలుపు తీసి, 'జాగ్రత్తగా వెళ్ళు పెదనాన్నా' అన్నాడు."

లోర్నా తండ్రి వైపు తిరిగింది.

"నేనన్నది నీకు తప్పనిపించలేదా?" లోర్నా గొంతు తగ్గింది.

"తప్పే. నూటికి నూరు పాళ్ళూ తప్పే. ఓటు పెడితే నేను వద్దనే వేస్తాను, ఇంకో వందసార్లైనా."

"మరి ఆ మాట అనేస్తే పోయేదిగా. ఏడాదంతా నన్ను తిట్టడమెందుకు?"

"నా ఇంట్లో నిన్ను తిట్టుకుంటాను. నీతో పోట్లాడతాను. నువ్వు నా మనిషివి కాదని ఊరి ముందు ఎట్లా అంటాను?"

లోర్నా కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చుంది. చల్లారిన రొట్టె సగం తుంచి తన ప్లేట్లో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ, "మొత్తం ఎంత పోయింది నాన్నా?" అంది.

ఐవన్ కిటికీ వైపు చూడకుండానే చెప్పాడు.

"పదకొండు ఎకరాల నలభై సెంట్లు."