గుర్రం వంతు

దెయ్యాన్ని చూసినమని చెప్పేటోళ్ళు మీలో చానమంది ఉంటరు. ఆ దెయ్యం ఎవరికోసం ఎదురుచూస్తున్నదని అడిగినోళ్ళు ఒక్కరన్నా ఉన్నరా?

మంచిర్యాలల రైలుకట్ట పక్క సందు చివర ఒక పెంకుటిల్లు. మూడేండ్లు తాళంల ఉన్న ఇల్లు. వానలు వెనుకపట్టి, సద్దుల బతుకమ్మ దాటి, పొద్దుమూకితే చలి పెడుతున్నదంటే చాలు... ఆ ఇంట్ల వెలుగు లేస్తది. కిటికీ సందులకెళ్ళి పల్చటి వెలుగు, ఆరుకుంట వెలుగుకుంట. టకటకమని ఏదో తిరుగుతున్న చప్పుడు. ఆడమనిషి గొంతు ఒకటి ఎవరినో ఏదో అడుగుతది... ఆగుతది... మళ్ళ ఏదో అంటది.

ఆ మూడేండ్లు జవాబు మాత్రం ఎన్నడూ రాలే.

రైల్వే గ్యాంగుల పనిచేసే మొండి మొగోళ్ళు సుత ఆ సందు ఇడిసిపెట్టి చుట్టు తిరిగి పోతరు. పోకిరి పిల్లలు దూరంకెళ్ళి రాయి ఇసిరి ఉరుకుతరు.

ఆ ఇల్లు గట్టయ్యది. ఊరూరు తిరిగే డేరా టాకీసుల మిషిని నడిపేటోడు. దీపావళి పోయినంక డేరా లేస్తే మళ్ళ వానలు పడేదాంక మనిషి ఇంట్ల కనపడకపోయేటోడు. వానకాలం ఇంట్లనే ఉన్నా, కురిసే ఇంట్ల పొడి గోడ దొరకకపోయేది. అందుకే బతుకమ్మకు దీపావళికి నడుమ ఉన్న ఆ కొన్ని రాత్రులే ఆ ఇంటికి సినిమా.

చేతితోని తిప్పే పాత మిషిని ఒకటి, డేరా యజమాని పారేస్తే తెచ్చుకున్నడు. గోడకు తన తెల్ల ధోవతి కట్టేటోడు. మిషిని వెనుక పెట్రోమాక్సు లైటు. ముంగట గొంగడి పరిచి, ఒక్కొక్కరి ముందట ఒక్కో కుప్ప మక్కపేలాలు. రీలు ఒక్కటే, తెగిన ముక్క. దూరంకెళ్ళి గుర్రం మీద రాజొస్తుంటడు, మేడ మీద రాణి చూస్తుంటది, పక్కకు దాసి. రాజు గడపల కాలు పెట్టబోయేసరికి రీలు అయిపోతది.

ఆ మిషినికి మాట రాదు. మాటలు ఇంటోళ్ళే చెప్పుకోవాలె. రాజు గట్టయ్య. రాణి ఆయన భార్య నాగవ్వ. దాసి బిడ్డ బాలలక్ష్మి. చిన్నోడు కొండల్‌ది గుర్రం వంతు... నాలికతోని టక్ టక్ టక్ మనాలె.

"బాపూ, రాజు లోపలికి ఎప్పుడొస్తడే?" అని కొండల్ రోజూ అడిగేటోడు.

"వచ్చే ఏడు మిగిలిన ముక్క తెస్తరా. తొందరపడకు."

తాళం పడ్డ ఏడు డేరా ఏటి అవతలి ఒడ్డున లేచింది. చూస్తనని కొండల్ ఎంటపడ్డడు. గోదావరి నడుమ పడవ తిరగబడ్డది.

తండ్రీకొడుకులు చెడ్డ నక్షత్రంల పోయిన్రు, ఇల్లు ఆర్నెల్లు మనుషులు లేకుంట పాడుపెట్టాలె అన్నరు పెద్దమనుషులు. ఏట్ల పోయినోళ్ళకు ఇల్లేం చేసిందని ఒక్కరు అడగలే. తాళమేసిన్రు. నాగవ్వను ఆమె అన్న ఎల్లేశం తన ఇంటికి తోలుకపోయిండు. ఆనాటి నుంచి నాగవ్వ నోరు తెరవలే. ఏడ్వలే, అన్నం కావాలె అనలే. నోరు పడిపోయిందన్నరు. ఆర్నెల్లు దాటినయ్, గాని తాళం తీసేటోళ్ళు లేరు. ఆ ఏడే వెలుగు లేసింది.

బాలలక్ష్మి అత్తగారిల్లు ఆదిలాబాద్. పెనిమిటి పత్తి మిల్లుల పనిచేస్తడు. ఆ ఇంటి ముఖం చూడలేక రెండు పండుగలకు రాలే. ఈసారి ఎల్లేశం మనిషిని పంపితే వచ్చింది.

"రేపు పొద్దున ఆ ఇంటికి గునపాలు పట్టిస్తా బిడ్డా," ఎల్లేశం అన్నడు. "దెయ్యం ఇల్లని వాడకట్టంత నా మీద పడుతున్నది. నీ తండ్రి ఇల్లు... నువ్వు సరే అంటే అయిపోతది."

"అవ్వను అడిగినవా మామా?"

"మీ అవ్వనా? దానికంటె గోడ నయం, కొడితే చప్పుడన్న చేస్తది. దీపం పెట్టంగనే ముసుగు తన్ని పన్నది చూడు."

మూలకు మంచం మీద గొంగడి ముసుగు. బాలలక్ష్మి అటు చూసి ముఖం తిప్పుకున్నది. నోరు లేని తల్లితోని ఏం మాట్లాడాలె?

"సరే మామా. కూలగొట్టు," అన్నది. "బాపు ధోవతి ఒక్కటి తెచ్చుకుంటా. తాళంచెయ్యి ఇయ్యి."

"గిప్పుడా? చీకటి పడ్డది."

"రేపటికి మట్టి కింద పోతది గద."

"పో మరి. ఆదిలాబాద్ పోయి ధైర్యం బాగ నేర్చినవు. దెయ్యం కనపడితే నా తరపున జర శనార్తి చెప్పు."

కందిలి పట్టుకొని సందుల అడుగుపెట్టింది. కుక్క సుత లేదు. రైలుకట్ట మీది గాలి చల్లగ మెడకు తాకుతున్నది.

తలుపుకు తాళం ఏసింది ఏసినట్లే ఉన్నది.

లోపల... వెలుగు.

టకటక టకటక...

చేతిల తాళంచెయ్యి జారి పడ్డది. వంగి తీసుకోబోయింది. అప్పుడే గొంతు లేసింది. చిన్నగ, ఎండిపోయిన గొంతు.

"ఏ ఊరు పోయినవు రాజా, ఇంత పొద్దు చేసినవు?"

ఆగింది.

ఆ ఆగుడు ఎంతసేపు ఉంటదో బాలలక్ష్మికి తెలుసు. ఆ నడుమ ఏ మాట పట్టాలెనో తెలుసు. *ఏరు దాటి పోయిన రాణీ. వస్తున్న. దీపం ఆర్పకు.* బాపు మాట సరిగ్గ పట్టేటంత జాగ... ఖాళీగ పోయింది.

తర్వాత ఇంకో ఖాళీ. అది తనది.

పెరటి దిక్కు ఉరికింది. వెనుక తలుపు ఓరగ ఉన్నది.

గోడకు బాపు ధోవతి. దాని మీద రాజు, గుర్రం. నేల మీద గొంగడి, దాని ముంగట నాలుగు కుప్పల మక్కపేలాలు. మిషిని పిడి తిప్పుకుంట, వెలుగుల ముఖం పెట్టి కూసున్నది... నాగవ్వ.

మూడేండ్లు మాట లేని తల్లి. మామ ఇంట్ల మంచం మీద గొంగడి కింద ఉన్నది మనిషి కాదు, బొంతల మూట.

రీలు అయిపోయింది. నాగవ్వ తల ఎత్తలే. మళ్ళ మొదటికి చుట్టుకున్నది. మళ్ళ తిప్పింది. మళ్ళ అడిగింది.

"ఏ ఊరు పోయినవు రాజా, ఇంత పొద్దు చేసినవు?"

బాపు జాగ ఖాళీగ పోయింది. తన వంతు వచ్చింది. బాలలక్ష్మి గడప పట్టుకొని, గుసగుసగ దాసి మాట అన్నది...

"అమ్మా, అన్నం సల్లారుతున్నది."

పిడి తిప్పుడు ఆగలే.

"సల్లారనియ్యే," నాగవ్వ అన్నది. "గుర్రం చప్పుడు ఇనపడుతున్నది."

ఇద్దరు ఆగిన్రు.

ధోవతి మీద గుర్రం కాళ్ళు ఎత్తుతున్నది, దించుతున్నది. చప్పుడు లేదు. తల్లి అనలే. బిడ్డ అనలే. అది వాళ్ళ వంతు కాదు. రాజు గడపల కాలు పెట్టబోయిండు... తెల్లటి వెలుగు ఒక్కటే మిగిలింది.

"వచ్చినవా బాలవ్వా," అన్నది నాగవ్వ. "పేలాలు మెత్తబడ్డయి. తిను."

బాలలక్ష్మి తన కుప్ప ముందట కూసున్నది. మిగిలిన రెండు కుప్పలు ఎవరూ ముట్టలే.

ఆలస్యమైందని కట్టె పట్టుకొని వచ్చిన ఎల్లేశం పెరటి తలుపు కాడ కట్టె కింద పెట్టి అట్లనే నిలబడ్డడు. తెల్లారి గునపాలు రాలే. తాళం మాత్రం తీసిన్రు.

ఇప్పుడు ప్రతి ఏడు ఆ కొన్ని రాత్రులకు బాలలక్ష్మి ఆదిలాబాద్ నుంచి వస్తది. రాజు మాట సుత ఆమెనే చెప్తది. గుర్రం కాడికి వచ్చేసరికి ఇద్దరు ఆగుతరు. ఎంత ఆగాలెనో అంత ఆగుతరు.

మీకు దెయ్యమని చెప్పింది ఈ ఆగుడునే. రాళ్ళు ఇసిరింది దీనిమీదనే.

ఈ ఏడు బతుకమ్మ దాటినంక ఆ సందుల వెలుగు కనపడితే చేతిల రాయి పడేయున్రి. చుట్టు తిరిగి పోకున్రి. తలుపు కొట్టున్రి, లోపలికి పోయి గొంగడి మీద కూసోన్రి. మీ ఇంట్ల నాలికతోని టక్ టక్ మనగలిగే పిల్లగాడు ఎవడన్నా ఉంటే... వాన్ని ఎంట తోలుకపోన్రి.