గుర్రు పెట్టే డిస్కులు

ఆ అమ్మాయి ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచి, "ఇదేంటో చెప్పండి" అంది.

మనవాడు వంగి చెవి పెట్టాడు. గుర్ర్... గుర్ర్... కటకట... మళ్ళీ గుర్ర్.

"ఎవరో మంచి నిద్రలో ఉన్నారండీ. మీ నాన్నగారా?"

"మా నాన్న గుర్రు పెట్టరు. మీరు అమ్మిన పెట్టె పెడుతోంది."

మనవాడి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మనవాడంటే ఆ కంప్యూటర్ షాపులో మెషిన్లు బిగించే కుర్రాడు. పనిమంతుడే, కాకపోతే ఒకటి అడిగితే పది చెప్పే రకం. కిందటి వారం ఈ అమ్మాయే వచ్చి, ఆడియో ఫైళ్ళన్నీ ఒకేచోట దాచుకోవడానికి, ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా తెరుచుకోవడానికి ఒక స్టోరేజ్ సర్వర్ కావాలంది. చిన్న డిస్కులు చాలవా అని కూడా అడిగింది. మనవాడు వింటేగా. ఆ అమ్మాయి కళ్ళు చూశాక వాడికి చిన్నవేవీ నచ్చలేదు. పెద్ద పెద్ద ఆఫీసుల సర్వర్ గదుల్లో రాత్రింబవళ్ళు తిరిగే డిస్కులు నాలుగు తెచ్చి, "ఇవి ఏనుగులండీ, మీ మనవలు కూడా వాడుకుంటారు" అని బిగించి ఇచ్చేశాడు. ఏనుగుని కట్టేది ఏ గదిలోనో మాత్రం అడగలేదు.

"ఎక్కడ పెట్టారండీ దాన్ని?"

"నేను పుస్తకాలు చదివే గదిలో. నెట్‌వర్క్ వైరు అక్కడికే వస్తుంది."

"ఫ్యాన్ వేసుకుంటే ఆ చప్పుడు కలిసిపోతుంది కదండీ."

"నేను చదివేది మైకు ముందు. కళ్ళు కనపడనివాళ్ళ కోసం నవలలు చదివి రికార్డు చేస్తాను. రికార్డింగ్ నేరుగా ఆ పెట్టెలోకే వెళ్తుంది, ఆపేసి చదవడానికీ లేదు. ఫ్యాన్ సంగతి దేవుడెరుగు, గట్టిగా ఊపిరి తీసినా మా నాన్న మళ్ళీ చదవమంటారు."

మనవాడు నాలిక కరుచుకున్నాడు. "సాయంత్రం వచ్చి చూస్తానండీ."

"ఇప్పుడే రండి."

షాపు యజమాని పేపర్లోంచి తలెత్తకుండా, "వెళ్ళు నాయనా. ఆ శబ్దం ఇంకోసారి వినిపిస్తే ఉన్న కస్టమర్లు కూడా పారిపోతారు" అన్నాడు.

అమ్మాయి చదివే గది గోడల నిండా పాత పరుపులు, బొంతలు మేకులతో కొట్టి ఉన్నాయి. నాన్నగారు రిటైరైన సౌండ్ ఇంజనీరు. మెడలో హెడ్‌ఫోన్స్ వేసుకుని కూర్చుని ఉన్నారు. మనవాడు గుమ్మంలోకి వచ్చాడో లేదో, వెనక్కి తిరక్కుండానే, "నీ ఎడమ చెప్పు తెగబోతోంది, చూసుకో బాబూ" అన్నారు.

మనవాడు చూసుకున్నాడు. నిజమే. అప్పటికప్పుడు ఆయనంటే భయం పట్టుకుంది.

పెట్టె కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. డిస్కుల మరలు వదులు చేసి మధ్యలో వాషర్లు వేశాడు. నాన్నగారు రికార్డర్ నొక్కి, "ఒక్క నిమిషం అందరూ కదలకుండా, మాట్లాడకుండా కూర్చోండి. గదిలో ఏం మోగుతోందో వింటాను" అన్నారు.

మనవాడి జన్మలో అంత పొడుగు నిమిషం లేదు. కదలడానికి లేదు, నోరు విప్పడానికి లేదు. ఎదురుగా ఆ అమ్మాయి. చూపులకి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి చూశాడు. ఆ అమ్మాయీ చూసింది, మళ్ళీ మైకు వైపు తల తిప్పేసుకుంది, మళ్ళీ చూసింది. సరిగ్గా అప్పుడే మనవాడి కడుపులో పేగులు అరిచాయి.

నాన్నగారు రికార్డర్ ఆపారు. "డిస్కుల శబ్దం కొంచెం తగ్గింది. కొత్తది ఒకటి చేరింది. అబ్బాయికి ఏదైనా తినడానికి పెట్టమ్మా."

అమ్మాయి నవ్వు ఆపుకోలేక గదిలోంచి బయటికి పరుగెత్తింది. మనవాడు ఆ నవ్వుతోనే పడిపోయాడు. ఇక లేచే ఆశ లేదు.

మర్నాడు పెట్టెని చెక్క బీరువాలో పెట్టి చూశాడు. లోపల వేడెక్కిపోయింది. నడవలో పెట్టాడు. గోడ పట్టుకుని శబ్దం మళ్ళీ గదిలోకే వచ్చింది. ఏనుగులు తీసేసి నెమ్మదిగా తిరిగే డిస్కులు పెట్టడమే దీనికి మందు అని రెండో రోజే అర్థమైంది. కానీ మార్చేస్తే పని అయిపోతుంది. పని అయిపోతే మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని రావాలి? అందుకని మందు జేబులోనే ఉంచుకుని ఒకరోజు స్పాంజి, ఇంకోరోజు కొత్త ఫ్యాన్ పట్టుకుని తిరిగాడు.

ఒకరోజు పెద్ద వాన పట్టుకుంది. వాన చప్పుడులో పరీక్ష కుదరదని నాన్నగారు కాసేపు నడుం వాల్చారు. వాన మనవాడి పక్షం. కిటికీ దగ్గర ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నారు.

"వాన ఇలాగే ఉంటే బాగుణ్ణు" అన్నాడు మనవాడు.

"మీకు బాగానే ఉంటుంది. నాకే ఫోన్లు" అంది. "నవల సగంలో ఆగిపోయింది కదా. ఒక పెద్దావిడ రోజూ ఫోన్ చేస్తారు. కళ్ళు పూర్తిగా పోయాయి, ఒంటరిగా ఉంటారు. 'ఆ పిల్ల పడవ ఎక్కిందా లేదా, అదొక్కటి చెప్పి పుణ్యం కట్టుకో తల్లీ' అంటారు. రికార్డింగ్ అయ్యాక మీరే వినండి అంటున్నాను. ఎన్నాళ్ళని చెప్పను?"

మనవాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ ఇంటి గుమ్మం ఎక్కడం కోసం ఎవరి కథని ఆపాడో అప్పుడు తెలిసొచ్చింది. చాలా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకముందే యజమానిని బతిమాలి, ఏనుగుల్ని సర్వర్ గది ఉన్న ఒక ఆఫీసుకి అమ్మేలా ఒప్పించాడు. నెమ్మదిగా తిరిగే డిస్కులు రెండు తెచ్చి, ఒకదాంట్లో పడ్డది రెండోదాంట్లోనూ అద్దంలో బొమ్మలా పడేలా బిగించి, ఫైళ్ళన్నీ వాటిలోకి ఎక్కించాడు. నాన్నగారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసేపు విన్నారు.

"పెట్టె ఆన్‌లోనే ఉందా?"

"ఉంది సార్."

"మరి ఈ పని మొదటే చెయ్యచ్చుగా?"

మనవాడు తల దించుకుని నడవలోకి నడిచాడు. అమ్మాయి వెనకే వచ్చింది.

"చెయ్యచ్చండీ" అన్నాడు నెమ్మదిగా. "రెండో రోజే తెలుసు. చేసేస్తే మిమ్మల్ని మళ్ళీ చూడటానికి ఉండదని ఆపాను. మీరంటే నాకు చాలా ఇష్టం. కానీ చేసింది తప్పే."

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "నన్ను చూడాలనుంటే వచ్చి చూడాలి. పుస్తకం ఆపుతారా? ఆవిడకి నేనేం చెప్పాలి?"

"గట్టిగానే మాట్లాడుకోండి, ఎలాగూ వినపడుతోంది" అన్నారు నాన్నగారు గదిలోంచి.

అమ్మాయి విసురుగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు సందులోంచి సన్నగా గొంతు వినపడింది. చదువుతోంది. మనవాడు వెళ్ళిపోదామనుకున్నాడు, కాళ్ళు కదల్లేదు. నడవలో నేల మీదే కూర్చుని అధ్యాయం మొత్తం విన్నాడు. పిల్ల పడవ ఎక్కింది.

తలుపు తెరుచుకుంది. "ఇంకా వెళ్ళలేదా?" గొంతులో కోపం చాలావరకు దిగిపోయింది.

"ఇంకొక్క పని ఉందండీ. ఇది నిజం పనే. ఒక డిస్కు పాడైతే రెండోది కాపాడుతుంది. కానీ పొరపాటున చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుంది. ఇంట్లోకి నీళ్ళొస్తే రెండూ మునుగుతాయి. అందుకని మూడో కాపీ వేరే ఇంట్లో ఉండాలి." సంచీలోంచి ఇంకో డిస్కు తీశాడు. "ఇందులోకి కూడా ఎక్కించాను. మీ చుట్టాలెవరింట్లోనైనా దాచండి."

"ఈ ఊళ్ళో మాకెవరూ లేరు" అంది అమ్మాయి. "మీ ఇంట్లో పెట్టండి."

నాన్నగారు హెడ్‌ఫోన్స్ తీసేశారు. "కుదరదమ్మా. ఇన్నేళ్ళ నీ గొంతు అంతా అందులో ఉంది. బయటివాళ్ళ ఇంట్లో పెట్టను."

అమ్మాయి మనవాడి వైపు చూసింది, తర్వాత నాన్న వైపు. "అయితే బయటివాడు కాకుండా చేద్దాం నాన్నా."

ఆ నడవలో అంత నిశ్శబ్దం ఏ పరీక్షలోనూ రాలేదు.

నాన్నగారు లేచి వచ్చి డిస్కుని మనవాడి చేతిలో పెట్టి, వాడి వేళ్ళు దాని చుట్టూ మూశారు. "మీ నాన్నగారి నంబరు చెప్పు. డిస్కు ఎక్కడ పెడతారో చూడటానికి వస్తున్నామంటాను. మిగతాది వచ్చాక మాట్లాడుకుంటాం."