ధర్మాసుపత్రి ముందు చెప్పుల వరస

ఫరీదాబాద్‌లో పాత ఫ్యాక్టరీల వెనక ఒక ధర్మాసుపత్రి ఉంది. పొద్దుగూకితే ఆ వీధిలోకి ఏ ఆటోవాడూ రాడు. రెట్టింపు ఇస్తానన్నా "నహీ భయ్యా" అని బండి తిప్పేసుకుంటాడు. చీకటి పడగానే ఆ గేటు ముందు చెప్పులు వరస కడతాయట... మనుషులుండరట. ఉత్త చెప్పులే.

రఘునందన్ ఇలాంటివి నమ్మే రకం కాదు. కాకినాడ కుర్రాడు. ఇక్కడో కంపెనీలో దానధర్మాల విభాగం అతనిది. పెద్ద కంపెనీల్లో పుణ్యానికి కూడా ఒక మేనేజరుంటాడు మరి! కంపెనీ ట్రస్టు ఊరంతా కట్టించిన సత్రాలు, బడులు, ఆసుపత్రుల చరిత్రని పుస్తకంగా వేస్తున్నారు. రాసేది అతనే. ఈ ఆసుపత్రి పేజీకి మొదటి వాక్యం రాసేశాడు కూడా: "ఈ గుమ్మం నుంచి ఏ రోగీ వెనుదిరిగి వెళ్ళలేదు."

ఇక ఫొటో ఒక్కటే తక్కువ. అది ఈ సాయంత్రమే తియ్యాలి. పన్నెండేళ్ళుగా మూతపడి ఉన్న ఆ భవనాన్ని తెల్లారితే కూలగొట్టేస్తారు.

డిసెంబరు. ఆరున్నరకే పొగమంచు కమ్మేసింది. వీధి మొదట్లో ఆటో దిగి, నడుచుకుంటూ వెళ్ళాడు. గేటు దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

చెప్పులు...

గేటు నుంచి గోడ వెంబడి, ఒక జత వెనక ఒక జత. అరిగిపోయిన రబ్బరు చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి, ఒక పసిపిల్ల బూట్లు... అన్నిటి మొనలూ గేటు వైపే.

ఎవడో ఆకతాయి పని అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఫొటోకి అడ్డంగా ఉన్నాయని అన్నీ తీసి రోడ్డవతల కుప్ప పోశాడు. వెనక్కొచ్చి ఫోను పైకెత్తాడు—

"వరస సెరిపీసినారా బాబూ..."

వెనక నుంచి గుసగుస. తెలుగులో!

కంబళి కప్పుకున్న ముసలాయన. పేరు కోటయ్య. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు లేతు మిషను మీద పనిచేశాడు. ఇప్పుడు ఆ కుప్ప ముందు కూలబడి, దేనికోసమో వెతుకుతున్నాడు. ఏడుస్తున్నాడు.

"రోజుకి నలబై మందినే సూసీవోరు బాబూ. ముందురోజు సాయంత్రమే సెప్పులెట్టి వంతు కాసుకోవాల. మా ఇంటిది నాగేంద్రమ్మ నలబై ఒకటోది అయిపోనాది. రేపు రమ్మన్నారు..."

కుప్పలో చెప్పులు పక్కకి తీస్తూ, ఇంకా మెల్లగా అన్నాడు.

"ఆ సాయంత్రమే అందరికన్నా ముందు సెప్పులెట్టీసి ఇంటికొచ్చి పడుకుంది. నా సెప్పులు తియ్యనీకు, వంతు పోద్ది అంది. అదే ఆకరి మాట. తెల్లారి వంతొచ్చింది... మడిసి లేదు."

ఏ రోగీ వెనుదిరిగి వెళ్ళలేదు. తను రాసిన వాక్యమే గుర్తొచ్చి రఘునందన్‌కి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఎంత సులువుగా రాసేశాడు!

ఆకుపచ్చ పట్టీల జత దొరికింది. కోటయ్య దాన్ని కంబళితో తుడిచాడు. రఘునందన్ ఆ జత అందుకుని, గేటుకి దగ్గరగా, అన్నిటికన్నా ముందు తన చేత్తోనే పెట్టాడు.

"తప్పయిపోయింది తాతా. మిగతావి ఏ వరసలో పెట్టమంటారు?"

కోటయ్య వింతగా చూశాడు.

"మిగతావి ఎవులివో నాకూ తెల్దు. నానెట్టేది ఈ ఒక్క జతే బాబూ..."

రఘునందన్ రోడ్డవతలికి చూశాడు. కుప్ప లేదు.

మెల్లగా తల తిప్పాడు... నాగేంద్రమ్మ చెప్పుల వెనక, గోడ వెంబడి, వరస మళ్ళీ కట్టి ఉంది. పిన్నీసు పట్టీ, పసిపిల్ల బూట్లు, అన్నీ ఎక్కడివక్కడే.

కోటయ్య కళ్ళు అతని మెళ్ళోని ట్రస్టు కార్డు మీద పడ్డాయి.

"తమరు ట్రస్టోరా బాబూ? రేపైనా గేటు తీస్తారా?"

రేపు వచ్చేది డాక్టరు కాదు, బుల్డోజరు. రఘునందన్ తల దించుకున్నాడు.

ఇందాక గేటు వైపు ఉన్న మొనలన్నీ ఇప్పుడు... అతని వైపు తిరిగి ఉన్నాయి.