వారంటీ కౌంటరులో పన్నెండు ప్రాణాలు

దేశం కోసం ప్రాణమిచ్చేవాళ్లుంటారు. సోఫియా నగరంలోని గూఢచారి శాఖలో కర్నల్ గెర్గోవ్ ఆ రకం కాదు. వారంటీ కోసం ఎదుటివాళ్ల ప్రాణాలిచ్చే రకం.

"డిస్కుకు జబ్బని నువ్వేగా చెప్పావు, నెవెనా," అన్నాడు జున్ను రొట్టె బానిట్సా నములుతూ, ఒళ్లంతా జున్ను రాల్చుకుంటూ.

ఏజెంట్ నెవెనా చెప్పిన మాట నిజమే. ఆ హార్డ్ డిస్కు రెండుసార్లు టిక్కుమని, ఒకసారి మూలిగి ఆగుతోంది. పరీక్ష పెడితే పాడైన సెక్టార్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. చిన్న దెబ్బ తగిలినా చస్తుంది, తీసి బీరువాలో పెట్టండి అంది.

"బీరువాలో ఎందుకు, వారంటీ ఉండగా? పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కు పంపేశాను."

"సరిహద్దు అవతల ఉన్న మన పన్నెండుమంది వేగుల పేర్లు అందులో ఉన్నాయి సార్. బయటపడితే ఒక్కరు మిగలరు."

"కౌంటర్లో ఉన్నది కలినా. మన పిల్లే."

కలినా మూడేళ్లుగా శాఖకు వేగు. అందగత్తె. ఈ దేశంలోనే, ప్లోవ్‌దివ్‌లో పుట్టానంటుంది. ఆ సెంటర్ నుంచే విదేశీ ముఠాకు సమాచారం పోతోందని నెవెనా ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖమే అయింది.

"వెళ్లి కొత్తది తీసుకురా. పాతది వాళ్లకే వదిలెయ్, అది రూలు." అదీ ఆమెకు దక్కిన బ్రీఫింగ్.

గంటలో నెవెనా నీలం కోటు, తలగుడ్డ, అరిగిన చెప్పులతో ఆఫీసు ఊడ్చే మనిషైపోయింది. చెవిపోగులో మాత్రం గోడ అవతల చీమ చిటుక్కుమన్నా వినిపించే యంత్రం.

"బయట మంచు కరుగుతోందా?" సర్వీస్ సెంటర్ కౌంటర్లో కలినా కోడ్ అడిగింది.

"మా వీధిలో ఇంకా గడ్డే."

"ఇదిగో కొత్త డిస్కు, పిన్నీ. ఇక్కడ సంతకం పెట్టు. సంతకం వచ్చా అసలు?"

"వేలిముద్రయితే బ్రహ్మాండంగా వచ్చమ్మా. మా పాతది విప్పలేదు కదా? ఇంకా పెట్టెలోనే ఉందా?"

"ఉందిలే, ఉంది," అంటూ కలినా తొందరగా తల పైకీ కిందికీ ఆడించింది.

ఇక్కడివాళ్లు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకీ కిందికీ. అలా ఊగని తల ఈ దేశపు తల కాదు. తల్లి ఒళ్లో అబ్బే అలవాటది. ఎంత శిక్షణ ఇచ్చి పంపినా తొందరలో జారిపోతుంది. మూడేళ్లూ కర్నల్ ఆమె కళ్లే చూశాడు గాని తల చూడలేదు, మహానుభావుడు.

అంతలో చెవిపోగులో వినిపించింది: టిక్, టిక్, మూలుగు. వెనక గదిలో డిస్కు తిరుగుతోంది.

నెవెనా కౌంటర్ దూకింది. "ఎక్కడికే, ముసలిదానా?" అని కలినా వెనక నుంచి ఆమె జుట్టు పట్టబోతే తలగుడ్డ చేతికొచ్చింది. లోపల బట్టతలవాడొకడు తెరకు కళ్లప్పగించి కూర్చున్నాడు. పేర్లున్న ఫైలు కాపీ అవుతోంది. తాళం వేసిన ఫైలు అది. చివరి ముక్క దిగితేనే తెరుచుకుంటుంది.

"ఇంకొక్క శాతం, కలినా," అన్నాడు వాడు వెనక్కి చూడకుండానే.

నెవెనా బల్లను ఒక్క తన్ను తన్నింది. తిరుగుతున్న డిస్కు నేలకు కొట్టుకుని కరకరమని గీకి ప్రాణం వదిలింది. అప్పుడు బట్టతల వెనక్కి తిరిగితే ఎదురుగా పిస్తోలు ఉంది.

సాయంత్రం కర్నల్ ఆ డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. పన్నెండుమంది సంగతి అడగలేదు.

"సొట్ట పడిందే. సొట్టకు వారంటీ ఇవ్వరు. పోనీ, కొత్తదైనా తెచ్చావా?"

"సెంటర్‌తో పాటు అదీ సీలైంది సార్."

"మరి ఎవరిస్తారు మనకు?"

"కలినా జైల్లోనే ఉంది. వెళ్లి అడగండి. మీ మాట ఏనాడూ కాదనలేదుగా."

కర్నల్ టోపీ అందుకున్నాడు.