నాలుగు వేళ్ల మందం

"ఆ చెప్పులతో ఇక్కడ నిలబడితే సాయంత్రానికి మీ కాళ్లు మీ మాట వినవు," అన్నాడు అతను.

ఆమె ఆ వర్క్‌షాప్‌లో అడుగుపెట్టి ఇంకా పావుగంట కాలేదు. ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద తన సామాను సర్దుకుంటూ తలెత్తి చూసింది. లేత్ మెషిన్ పక్కన, మోచేతుల దాకా నూనె పూసుకుని, అడగని సలహాతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"మీరెవరండీ, చెప్పుల షాపా?"

"లేత్ ఆపరేటర్‌ని."

"అయితే లేత్ చూసుకోండి. నా కాళ్లు నేను చూసుకుంటాను."

అవతల వెల్డర్ పకపకా నవ్వాడు. "వదిలెయ్ బావా. మొదటిరోజే సూది తీస్తే పేషెంట్ పారిపోతుంది."

వెల్డర్‌కి ఆ షెడ్డులో అందరూ బావలే. లేత్ నడిపే అతనికి మాత్రం ఇంకో పేరు కూడా ఉంది, కాళ్ల డాక్టర్. పొద్దస్తమానం కాంక్రీటు నేల మీద నిలబడే వాళ్ల కష్టం అతనికి బాగా తెలుసు. ఆ తెలిసింది నలుగురికీ చెప్పకపోతే నిద్రపట్టదు. అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోవాలి. మందపాటి మేజోళ్లు తొడుక్కోవాలి. కొయ్యబొమ్మలా ఒకే చోట నిలబడకూడదు. మెషిన్ కింద చిన్న పీట పెట్టుకుని, కాసేపు ఈ కాలు, కాసేపు ఆ కాలు దాని మీద ఆనించాలి. మధ్యమధ్య మడమలెత్తి దించాలి. విన్నవాళ్లు నవ్వేవాళ్లు, నవ్వి అలాగే చేసేవాళ్లు. ఫోర్‌మన్ చెవిలో జోరీగలా పోరి ప్రతి మెషిన్ దగ్గరా రబ్బరు మ్యాట్ వేయించింది కూడా అతనే. ఇన్‌స్పెక్షన్ టేబుల్ అప్పటికి ఖాళీగా ఉండేది కాబట్టి అక్కడ మాత్రం ఒట్టి నేలే మిగిలింది.

మర్నాడు ఆమె బూట్లు వేసుకుని వచ్చింది. అతను చూశాడు. చూసి కూడా ఏమీ అనలేదు. అతని జీవితంలో అంత నిగ్రహం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే అతను లేత్ మీద చెక్కిన ఇనుప షాఫ్ట్ ఒకటి, కొలతలు సరిచూసే ఆమె టేబుల్ నుంచి వెనక్కి వచ్చింది.

"రిజెక్ట్," అంది ఆమె.

"ఎందుకు?"

"అర గీత ఎక్కువుంది."

"నా చేతి పీసు తప్పదండీ."

"నా కన్నూ తప్పదండీ."

ఆమె టేబుల్ మీది డయల్ గేజ్ కింద పెట్టి మళ్లీ కొలిచాడు. అర గీత ఎక్కువే ఉంది. ఎవరైనా అలాంటప్పుడు చిన్నబుచ్చుకుంటారు. మనవాడు ప్రేమలో పడ్డాడు.

అప్పట్నుంచి పని మీద శ్రద్ధ పెరిగింది. పీసు ఆమె దగ్గరికి వెళ్లాలి, మచ్చలేకుండా పాసవ్వాలి. కానీ వెనక్కి వస్తేనే కదా దాంతోపాటు ఆమె కూడా వచ్చేది. ఈ ముడి విప్పుకోలేక రోజంతా సతమతమయ్యేవాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రేమించినవాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటారంటారు. అతనికి ఆ భాగ్యం లేదు. మధ్యలో డ్రిల్లింగ్ మెషిన్ అడ్డం. లేత్ దగ్గర్నుంచి కనిపించేవి టేబుల్ కింద ఆమె పాదాలు మాత్రమే. వాటినే చూసేవాడు. సంతోషంగా ఉంటే ఆమె కుడికాలి మునివేళ్లు నేల మీద తాళం వేసేవి. చిరాకుగా ఉంటే మడమ నేలకి ఆనేది కాదు. సాయంత్రమయ్యేసరికి ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్కని రుద్దుకునేది. అది చూసినప్పుడల్లా ఆ కాంక్రీటంతా తన గుండెల మీద పరిచినట్టుండేది అతనికి.

"పీట తెచ్చిపెట్టమంటారా?" అని ఒకసారి ధైర్యం చేశాడు.

"పీటలెక్కే వయసు కాదులెండి," అని కొట్టిపారేసింది.

ఒకసారి ఆమె నాలుగు రోజులు సెలవు పెట్టింది. సోఫాలు కుట్టే స్నేహితుడి దగ్గర అతను మంచి ఫోమ్ ముక్క సంపాదించాడు. నాలుగు వేళ్ల మందం. పైన రబ్బరు షీట్ పరిచి, అంచులు అంటించి, షిఫ్ట్ మొదలవకముందే టేబుల్ ముందు వేసేశాడు. పనివాళ్లు ఫోర్‌మన్ వేయించాడనుకున్నారు. ఫోర్‌మన్ కంపెనీ పంపిందనుకున్నాడు.

ఆమె తిరిగొచ్చింది. లేత్ దగ్గర్నుంచి అతనికి కనిపించింది ఇంతే: రెండు బూట్లు ఆ మెత్తదనంలోకి దిగి, ఒక్క క్షణం ఆగి, మునివేళ్లు తాళం అందుకున్నాయి.

"థాంక్స్ సర్," అంది ఫోర్‌మన్‌తో.

"దానిదేముందమ్మా, పనివాళ్లని చూసుకోవద్దూ," అన్నాడాయన, కాదనడం ఎందుకని.

"బావా, ఉత్తినే నవ్వుతున్నావేంటి?" అన్నాడు వెల్డర్.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పాసవ్వాల్సిన పీసులు వెనక్కి రావడం మొదలైంది. అతనివే కాదు, అందరివీ.

"ఇది సరిగ్గానే ఉందండీ," అన్నాడు ఒకరోజు.

"అర గీత ఎక్కువుంది."

"నేను రెండుసార్లు కొలిచాను."

"అంటే నాకు చూడటం రాదంటారా?"

సరదా మాటలు పోయి, నిజంగా గొడవలాగే అయింది. తక్కిన ఆపరేటర్లు సణుక్కున్నారు. ఫోర్‌మన్ ఆ పీసులు తన గదిలోకి తీసుకెళ్లి కొలిపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్లీ కొలిపించాడు. మళ్లీ అంతే. ఆమె మాట్లాడటం తగ్గించేసింది. టేబుల్ కింద తాళం ఆగిపోయింది.

ఒక సాయంత్రం జోరున వాన. టీ గ్లాసుతో అతను షెడ్డు చూరు కింద నిలబడి ఉంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది. అంత దగ్గరగా అదే మొదటిసారి. గుండె చప్పుడు వానకన్నా గట్టిగా వినపడుతుందేమోనని అతని భయం.

"సోమవారం నుంచి నన్ను స్టోర్స్‌లో వేస్తున్నారు," అంది.

"స్టోర్సా? అది అవతలి వీధిలో కదా."

"కూర్చుని చేసుకునే పనమ్మా, హాయిగా ఉంటుంది అన్నారు. ఫోర్‌మన్ గారు మంచిగానే చెప్పారు." చూరు నుంచి కారే నీళ్లకి అరచెయ్యి పట్టింది. "మా నాన్న గడియారాలు బాగుచేసేవారు. ఆయనకీ ఇలాగే మొదలైంది. ముల్లు ఒకచోట ఉంటే ఇంకోచోట కనిపించేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి చూపు సగం పోయింది. ఇప్పుడు వీధి గుమ్మంలో కూర్చుని, వచ్చేవాళ్లని అడుగుల చప్పుడుతో పోల్చుకుంటారు."

"మీరు కళ్లు చూపించుకున్నారా?"

"బాగానే ఉన్నాయన్నారు. నాన్నకీ మొదట్లో అలాగే అన్నారు." నవ్వింది. "ఈ షెడ్డులో కాళ్లకి డాక్టరున్నాడు. కళ్లకే లేడు."

ఇక్కడే ఉండిపొమ్మని ఏ హక్కుతో అడుగుతాడు? టీ చల్లారిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి అక్క తను పనిచేసే సెలూన్ నుంచి వచ్చి, గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

"ఏంట్రా, ముఖం అలా వేలాడేశావు?"

ఏమీ లేదన్నాడు. అక్క దగ్గర ఏమీ లేదన్నవాడికి అంతా ఉన్నట్టే. కాసేపటికి అమ్మాయి సంగతీ, ఫోమ్ సంగతీ, స్టోర్స్ సంగతీ అన్నీ బయటపడ్డాయి.

"ఎంత మందం వేశావు?"

నాలుగు వేళ్లు చూపించాడు.

"నీకు మతి ఉందా? మరీ మెత్తగా ఉంటే కాలు నిలదొక్కుకోవడానికే సగం సత్తువ పోతుందని ఊరందరికీ నువ్వేగా చెప్పేది?"

"ఊళ్లోవాళ్లకి చెప్పేటప్పుడైతే గుర్తుంటుంది."

అక్క తమ్ముడి ముఖం చూసి, నవ్వబోయి మానుకుంది. "మా సెలూన్‌లోనూ ఒకసారి అలాంటిదే వేశారు. మొదటిరోజు తెగ మురిసిపోయాం. తర్వాత పిక్కలు పట్టేశాయి. పైగా నేను ఎత్తులో ఉన్నాను, కస్టమర్ తల కిందుంది. సమంగా కత్తిరించాననుకుంటే ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు. ఎన్ని తిట్లు తిన్నానో."

అతను లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికిరా?"

"ఎక్కడికీ లేదు," అని మళ్లీ కూర్చున్నాడు. తెల్లారేదాకా షెడ్డు తెరవరు మరి.

మర్నాడు శనివారం. అందరికంటే ముందు వెళ్లాడు. తన పీసుల్లో సరైనదని రూఢిగా తెలిసిన షాఫ్ట్ ఒకటి డయల్ గేజ్ కింద పెట్టి, ఫోమ్ మీద నిలబడి చూశాడు. పైనుంచి ఏటవాలుగా చూస్తే ముల్లు గీత దాటి కనిపించింది. కాస్త మోకాళ్లు వంచి, కన్ను డయల్‌కి సరిగ్గా ఎదురుగా తెచ్చాడు. ముల్లు గీత మీదే ఉంది. లేచాడు, దాటింది. వంగాడు, సరిపోయింది. ఆమె కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. తప్పంతా కాళ్ల కింద ఉంది. అది వేసినవాడి దగ్గర ఉంది.

ఫోమ్ చుట్టేసి గోడ వెనక్కి విసిరేస్తే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. పెద్ద పని కూడా కాదు. కానీ సోమవారం ఆమె స్టోర్స్‌లో కూర్చుంటుంది. కూర్చుని, రోజూ పొద్దున్నే అద్దంలో తన కళ్లని అనుమానంగా చూసుకుంటుంది. ఫోమ్‌ని అలాగే వదిలేసి ఆమె కోసం ఎదురుచూశాడు.

ఆమె వచ్చింది. వెనకాలే వెల్డరూ, ఇంకో ఇద్దరూ వచ్చారు. వాళ్లు వెళ్లేదాకా ఆగితే తన ధైర్యం కూడా వెళ్లిపోతుందని అతనికి తెలుసు.

"ఒకసారి ఈ పీసు చూడండి."

ఆమె ఫోమ్ ఎక్కి చూసింది. "అర గీత ఎక్కువ," అంది నీరసంగా.

"ఇప్పుడు నేల మీదకి దిగి చూడండి."

దిగింది. చూసింది. చాలాసేపు చూసింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. చేతి వెనకవైపుతో కళ్లు ఒత్తుకుంది. వాటిని అలా నెమ్మదిగా, పోయి దొరికిన వస్తువులా తాకుతుంటే అతను తల తిప్పుకున్నాడు.

"ఈ ఎత్తు వల్లనా?"

"అవును."

"ఫోర్‌మన్ గారు ఏదో మంచికని వేయిస్తే..."

"ఆయన కాదు. నేను వేశాను."

ఆమె ఫోమ్ మీంచి చూపు ఎత్తింది.

"మీరా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటారని."

"అనేదాన్నే. ఎందుకు వేశారు?"

"సాయంత్రం మీరు ఒంటికాలి మీద నిలబడుతుంటే చూడలేక."

"చూడలేకపోవడానికి మీరు నాకేమవుతారు?"

"ఏమీ కాను," అన్నాడు. "అదే నా బాధ."

వెల్డర్ గబుక్కున ముసుగు దించుకున్నాడు, వెల్డింగ్ పనేమీ లేకపోయినా.

ఆమె ఫోర్‌మన్ గదికి వెళ్లింది. ఆయన వచ్చి, ఎక్కి చూసి, దిగి చూసి, గొంతు సవరించుకున్నాడు. రిజెక్ట్ అయిన పీసులన్నీ మళ్లీ కొలిచారు. స్టోర్స్ మాట రద్దయింది. ఫోమ్ స్థానంలో పల్చటి గట్టి రబ్బరు మ్యాట్ వచ్చింది. అన్నీ బాగుపడ్డాయి, ఒక్కటి తప్ప. ఆమె అతనితో మాట్లాడటం మానేసింది.

పీసులు వెళ్తున్నాయి, పాసవుతున్నాయి. ఒక్కటీ తిరిగి రావడం లేదు. చేతికి అంత మంచి కాలం ఎన్నడూ రాలేదు, మనసుకి అంత చెడ్డ కాలమూ రాలేదు. డ్రిల్లింగ్ మెషిన్ అవతల ఆమె ఉంటుంది. ఆమె దగ్గు వినిపిస్తుంది. వెల్డర్‌తో ఏదో అని నవ్వితే ఆ నవ్వు వినిపిస్తుంది. టేబుల్ కిందికి మాత్రం ఇప్పుడు చూసేవాడు కాదు. చూసే హక్కు పోగొట్టుకున్నాననుకున్నాడు. సాయంత్రాలు వాన పట్టేది, ఆమె గొడుగు వేసుకుని వెళ్లిపోయేది. గేటు దాటేదాకా మెషిన్ తుడిచిందే తుడుస్తూ ఉండేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక కావాలనే ఒక షాఫ్ట్ అర గీత ఎక్కువ ఉంచాడు. అది పట్టుకుని ఆమె వస్తుంది, రిజెక్ట్ అంటుంది. ఆ ఒక్క మాటైనా చాలు. తీరా ట్రేలో పెట్టబోతూ చెయ్యి ఆగిపోయింది. ఆ కళ్లకి ఇంకో అబద్ధం చూపించడానికి మనసొప్పలేదు. తీసుకెళ్లి తుక్కులో పడేశాడు.

మరో వారం గడిచాక, షిఫ్ట్ అయిపోయే వేళ, ఆమె డ్రిల్లింగ్ మెషిన్ దాటుకుని ఇవతలికి వచ్చింది. చేతిలో పీసేమీ లేదు.

"మా నాన్నకి చెప్పాను," అంది.

అతను మెషిన్ ఆపాడు. "ఏమని?"

"అంతా. ఆయన ఒక్కటే అడిగారు. ఆ అబ్బాయి ఫోమ్ తీసేసి ఊరుకుంటే ఎవరికైనా తెలిసేదా అని."

"మీరేమన్నారు?"

"తెలిసేది కాదన్నాను. అయితే ఆదివారం తీసుకురా అన్నారు."

అతను ఆపేసిన మెషిన్‌నే మళ్లీ ఆపబోయాడు.

"నేనింకా కోపంలో ఉన్నానని కూడా చెప్పాను," అంది ఆమె.

"దానికేమన్నారు?"

"కోపం నీది, ఆదివారం నాది అన్నారు."

గేటు దాటి ఇద్దరూ బస్‌స్టాప్ వైపు నడిచారు. వాన వెలిసింది కానీ గాలిలో తడి పోలేదు.

"నాకు మూడు వారాలు నిద్ర లేదు," అంది ఆమె, రోడ్డు వైపు చూస్తూ. "గుడ్డిదాన్నవుతానని ఏడ్చాను. అది మర్చిపోను."

"మర్చిపోవద్దు."

"అందరి ముందూ మీరు చెప్పారు చూడండి, అదీ మర్చిపోలేకపోతున్నాను. రెండూ ఉంటాయి నా దగ్గర. పడగలరా?"

"పడతాను. రెండూ లేకుండా ఈ పది రోజులు పడ్డదానికంటే అదే నయం."

ఆమె మొదటిసారి అతని వైపు తిరిగింది. నవ్విందో, నవ్వు ఆపుకుందో చెప్పడం కష్టం. ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె ఎక్కలేదు.