వణకని పొట్టేళ్లు

గొర్రెలకు మందుస్నానం చేయించే తొట్టిలో గొర్రెల డాక్టరు శవమై తేలాడు. తొట్టి లోతు మోకాలిదాకా. డాక్టరు ఎత్తు ఆరడుగులు.

"కాలు జారింది" అని పోలీసులు రాసుకుని వెళ్లిపోయారు.

"మోకాలి లోతు నీళ్లలో మునగడానికి మీ అన్న చంటిపిల్లాడా?" అంది వదిన. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "నేనిప్పుడు ఏడవను మరిదీ. ముందు చంపినవాడు ఏడవాలి."

ఏజెంట్ నలభై ఒకటి తల ఊపాడు. ఆఫీసులో అతని ముద్దుపేరు తాళంకప్ప. నోరు తెరిపించడం ఎవరివల్లా కాదు.

చనిపోవడానికి గంట ముందు అన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, క్వారంటైన్‌లో చచ్చిన పొట్టేలు మెదడు కోసి చూశాను. జల్లెడలా చిల్లులు పడిపోయింది. మెదడును తినేసే ప్రియాన్ రోగం. అంత చెడిన మెదడులో వాపు ఎంతో ఉండాలి. లేదు! ఎవడో వాపు తగ్గించే మందు గుచ్చుతున్నాడు. నిప్పు ఆర్పలేదురా, పొగ కనబడకుండా చేశాడు."

ఉదయం పదకొండు గంటలకు చీఫ్ గది. తెరమీద బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్న మనిషి.

"ఇతను ప్రొఫెసర్. వాపు తగ్గిస్తే రోగం నెమ్మదిస్తుందేమోనని పదేళ్లు నిజాయితీగానే రీసెర్చ్ చేశాడు. రోగం నెమ్మదించలేదు. బయటికి కనబడే వణుకు, దురద మాత్రం కొన్ని వారాలు ఆగాయి. ఆ కొన్ని వారాలనే ఒక విదేశీ ముఠాకి అమ్ముకున్నాడు."

"టార్గెట్?"

"ఆ ముఠా పంపినవాటిలో చచ్చింది పోగా మిగిలిన అరవై విత్తనపు పొట్టేళ్లు. ఈ సాయంత్రం నాలుగింటికి లారీలు అరవై ఫారాలకు బయల్దేరతాయి. రోగమున్నది ఒక్కటి దిగినా ఆ మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మన మందలు తుడిచిపెట్టుకుపోయాక వాళ్ల గొర్రెల్ని మనకే అమ్ముతారు."

"ల్యాబ్ టెస్ట్?"

"పది రోజులు పడుతుంది. మీ అన్న తీసిన శాంపిల్స్ మాయం. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. కోడ్ నేమ్ నెమలి. ప్రొఫెసర్ సెక్రటరీ. మన జీతం, వాళ్ల జీతం రెండూ తీసుకుంటోంది. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్." చీఫ్ తెర ఆర్పేశాడు. "పగమీద వెళ్తున్నావా, పనిమీద వెళ్తున్నావా?"

"దారి ఒకటే సార్."

రెండున్నరకి క్వారంటైన్ షెడ్డులో ఉన్ని కత్తిరించే కూలీ ఒకడు ఎక్కువయ్యాడు. చిరిగిన బనీను, మీద మాసిన చొక్కా, కాలరు గుండీలో మైక్రోఫోన్. పొట్టేలును పిరుదుల మీద కూలేసి, తల తన తొడకు ఆనించి, అది కిమ్మనకుండా కత్తెర ఆడిస్తున్నాడు. చిన్నప్పుడు నాన్న మందతో తిరిగినవాడికి అది వేషమే కాదు.

పేడలో హైహీల్స్ టకటకలాడకుండా దిగబడ్డాయి. సెంటు వాసన గొర్రెల వాసనతో తగువుకు దిగింది. నల్లకళ్లద్దాల మేడం పక్కనే ఆగింది.

"ఈ ఏడు ఉన్ని పల్చగా ఉందే?"

"చలికి ఇంకా కబురందలేదమ్మా."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "ప్రొఫెసర్ బ్యాగులో ఎర్రమూత సిరంజి ఉంది. రోగం పొట్టేలు మెదడు నుజ్జు. మనుషులకూ ఎక్కే రకం. జాగ్రత్త." కాస్త ఆగింది. "మీ అన్నగారి సంగతి నాకు తెలిసేసరికే ఆలస్యమైపోయింది."

అతని కత్తెర ఒకసారి ఆగి మళ్లీ నడిచింది.

మూడు నలభైకి విడుదల స్టాంపు పట్టుకుని క్వారంటైన్ ఆఫీసరు వచ్చాడు. వెనకే బ్యాగుతో ప్రొఫెసర్.

"చూడండి ఆఫీసర్ గారూ! ఒక్కటైనా వణుకుతోందా? ఒక్కటైనా గోడకు రాసుకుంటోందా?"

"లేదు సార్, నిక్షేపంలా ఉన్నాయి." ఆఫీసరు స్టాంపు తీశాడు.

"ఒక్క నిమిషం సార్."

"నువ్వెవడివయ్యా మధ్యలో?"

"ఉన్ని తీసేవాణ్ణి." అతను మొదటి పొట్టేలు తోక మొదట్లో వేళ్లతో గట్టిగా గోకాడు. అది విసుక్కుని పక్కకు జరిగింది. రెండోదీ అంతే.

ప్రొఫెసర్ పకపకా నవ్వాడు. "ఆ చేత్తోనే నా వీపు కూడా కాస్త గోకి పెట్టు."

"వస్తున్నా సార్, మీ వంతూ వస్తుంది."

మూడో పొట్టేలును గోకగానే అది మెడ పైకెత్తింది. కళ్లు అరమోడ్చి, పెదవులు చప్పరిస్తూ, నోట్లో గడ్డి ఉన్నట్టు గాలిని నమిలింది. చెయ్యి తీస్తే ఆగింది. పెడితే మళ్లీ నమిలింది. ఎనిమిదోది అలాగే. పదకొండోదీ అలాగే.

"మా నాన్న మందలో ఇలా నోరు చప్పరించిన గొర్రె ఏదీ మరుసటి ఏడు చూడలేదు సార్. వణుకు దాచిన మందు దీన్ని దాచలేకపోయింది."

ఆఫీసరు చెయ్యి గాలిలో ఆగింది.

"చప్పరింపులు చూసి లారీలు ఆపుతారా?" ప్రొఫెసర్ గొంతు సన్నబడింది. "నాలుగు దాటితే మీ పైవాళ్లకు ఫోన్ చేస్తాను. ఉద్యోగం చూసుకోండి."

మూడు యాభై ఏడు. లారీల ఇంజన్లు గుర్రుమన్నాయి. ఆఫీసరు నుదురు తుడుచుకున్నాడు. స్టాంపు మెల్లగా కాగితం మీదికి దిగుతోంది.

"ప్రొఫెసర్," అన్నాడు కూలీ, "మా అన్నను తొట్టిలో ఎంతసేపు నొక్కిపట్టారు?"

ప్రొఫెసర్ మొహంలో రంగు దిగిపోయింది. చెయ్యి బ్యాగులోకి పోయింది. ఎర్రమూత ఎగిరిపడింది. సూది ఏజెంటు మెడమీదికి దూసుకొచ్చింది.

ఏజెంటు ఆ మణికట్టు అందుకున్నాడు. పొట్టేలు కొమ్ము తిప్పినట్టు తిప్పాడు. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. సూదిని ప్రొఫెసర్ తొడలోనే దించి, తన బొటనవేలితో చివరిదాకా నొక్కాడు.

ప్రొఫెసర్ పెట్టిన కేకకి అరవై పొట్టేళ్లూ చెవులు రిక్కించాయి.

"ఏముంది దాంట్లో?" ఆఫీసరు బిత్తరపోయాడు.

"మెదడు! చచ్చిన పదిహేడో నంబరు పొట్టేలు మెదడు! కోసెయ్యండి, కాలు కోసెయ్యండి!"

"దేనికి?" అన్నాడు ఏజెంటు. "మీ వాపుమందు ఉందిగా, వేసుకోండి."

"అది వణుకు ఆపుతుందంతే! రోగం ఆగదు! ఇన్ని పొట్టేళ్లకు గుచ్చినవాణ్ణి, నాకు తెలీదా..."

ఆ మాట షెడ్డులో వేలాడింది. కాలరు గుండీలోకీ వెళ్లింది. ప్రొఫెసర్ నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆఫీసరు స్టాంపు జేబులో పడేసుకుని గేటువైపు పరిగెత్తాడు. "ఆపండి! లారీలు ఆపండి!"

టైము మూడు యాభై తొమ్మిది.

తిరుగు దారిలో జీపు నడుపుతూ నెమలి అంది. "మీకు జాగ్రత్త చెప్పి వచ్చేశానా, ఊరుకోబుద్ధి కాలేదు. ఆ సిరంజి కడిగేసి ఉప్పునీళ్లు నింపాను. ఆయనకేమీ కాదు."

ఏజెంటు ఆమెవైపు తిరిగాడు. ఆ రోజు ఆమె మొహం సరిగ్గా చూడటం అదే మొదలు.

"చెప్పేద్దామా ఆయనకి?" అంది.

"ఆ రోగం బయటపడాలంటే ఎన్నాళ్లు?"

"మనుషుల్లోనా? పదేళ్లు. ఇరవయ్యైనా పట్టొచ్చు."

తాళంకప్ప నవ్వాడు.

ఇప్పుడు జైల్లో ప్రొఫెసర్ రోజూ పొద్దున్నే లేచి, చేతులు చాచి, వేళ్లు వణుకుతున్నాయేమోనని చూసుకుంటాడట. అలా చూసుకునేవాడికి వణకక ఏమౌతాయి! ఆర్నెల్లకోసారి ఏజెంటు దగ్గరికి జైలు నుంచి ఒక ఫారం వస్తుంది. 'ఖైదీ ఆరోగ్యం' అన్న గళ్లో అతను ప్రతిసారీ ఒకే మాట రాస్తాడు:

"భేషుగ్గా ఉంది. ఖైదీకి తెలియనివ్వకండి."