మిషన్ నేర్చుకున్న ముద్ద

“ముందా స్పూను తీసెయ్యండి,” అంది సింధూర గుమ్మంలోంచే.

వెస్లీ బిత్తరపోయాడు. పక్షవాతంతో పడిపోయిన రత్తమ్మ కుడిచేతికి అతను అప్పుడే రోబో గ్లవ్ తొడిగి స్పూను పట్టించాడు. సన్నటి మోటార్లు ఒక్కో వేలినీ మెల్లగా ముడిచి తెరుస్తున్నాయి. నందిగామ నుంచి వానలో తడుస్తూ జగ్గయ్యపేట వచ్చిన ఇంజనీరుకి కాఫీ లేదు గానీ కంప్లయింటు మాత్రం వేడివేడిగా దొరికింది.

“అందరికీ స్పూను ప్రోగ్రామేనండి.”

“మా నాయనమ్మ స్పూనుతో తినదు. ఎడం చేత్తో తినదు. మేం తినిపిస్తే నాలుగు మెతుకులకే చాలంటుంది. ఎలా చిక్కిపోయిందో చూడండి.”

“జొరమొచ్చినోళ్ళు తింటారయ్యా స్పూన్లతో,” అని రత్తమ్మ తీర్పు చెప్పేసింది.

వెస్లీకి తల కొట్టేసినట్టయింది. అమ్మ కృపావతి చేతిముద్దలు తిని పెరిగినవాడికి ఈ సంగతి తట్టనే లేదు.

మర్నాడు సెన్సర్లున్న ఇంకో గ్లవ్ తెచ్చాడు. దాన్ని తొడుక్కున్న చెయ్యి ఎలా కదిలితే మిషన్ రత్తమ్మ వేళ్ళని అలాగే కదుపుతుంది. సింధూర దాని మీద పల్చటి కవరు వేసుకుని ఆవకాయన్నం కలిపింది.

“మళ్ళీ కలపండి.”

కలిపింది.

“ఇంకోసారి. బొటనవేలు సరిగా రికార్డవలేదు.”

“నిజంగా మిషన్ కోసమేనా?”

“మొదటి రెండుసార్లూ మిషన్ కోసమేనండి.”

సింధూర నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ తర్వాత రత్తమ్మ వేళ్ళలో జీవం వచ్చేకొద్దీ వెస్లీ మోటార్ల జోరు తగ్గిస్తూ వచ్చాడు. మాటల్లో ‘అండి’ కూడా తగ్గిపోయింది. ఓ సాయంత్రం వరండాలో, వాన హోరులో, అడిగేశాడు.

“నువ్వంటే నాకు ప్రాణం. నీకూ అంతేనా?”

“అంతకంటే ఎక్కువే. కానీ మీరు చర్చికెళ్ళేవాళ్ళు. నాయనమ్మ బయటివాళ్ళని తన పంక్తిలో కూర్చోనివ్వదు. ఆవిడ కాదంటే నేను రాను, ముందే చెబుతున్నా.”

పక్కనే కిటికీ ఉందని ఇద్దరూ మర్చిపోయారు. పక్షవాతం వచ్చింది రత్తమ్మ చేతికి, చెవులకి కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కంచం ముందు కూర్చుని, “ఇయ్యాల ఆ గ్లవ్ తీసెయ్,” అంది.

కలపబోతే మెతుకులు జారిపోయాయి. మళ్ళీ పోగు చేసింది. ఈసారి ముద్ద నిలిచింది. నోటిదాకా లేచి, అక్కడ ఆగి, వెస్లీ వైపు తిరిగింది.

“దగ్గరికి రా అబ్బాయ్. చెయ్యి వణుకుతోంది, తొందరగా నోరు తెరు.”

అతను సింధూర వంక చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

“దాన్నేం చూస్తావు? మనవరాలి మొగుడికి నా చేత్తో పెట్టుకుంటున్నా. మీ అమ్మానాన్నల్ని రేపు భోజనానికి తీసుకురా. నా పక్కనే కూర్చోబెడతా.”

వెస్లీ నోరు తెరిచాడు. ముద్ద అందుకున్నాడు.

రత్తమ్మ అప్పటికే మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టింది.

“ఇది మాత్రం నాదే. ఆకలి దంచేస్తోంది,” అంటూ కలుపుకుంది.